ఎత్తని చెయ్యి

"అందరి చేతులూ లేచేయి. నీ చెయ్యే లెగలేదేటి?"

అరుణకుమారి సింకులో అన్నం గిన్నె తోముతోంది. మధ్యాహ్నం వాళ్ళ క్వార్టర్లో జరిగిన గృహకూడికకు వచ్చినవాళ్ళంతా భోంచేసి వెళ్ళిపోయారు. విశాఖ నుంచి వచ్చిన ప్రసంగీకుణ్ణి స్టేషన్లో దింపి వచ్చిన మొగుడు సత్యప్రసాద్, చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి అడిగిన మొదటి మాట అది. తిన్నావా అని కాదు.

ఏ చెయ్యో ఆమెకు వెంటనే తట్టలేదు. కాసేపటికి గుర్తొచ్చింది. ప్రసంగం చివర్లో ఆ పెద్దాయన, అందరూ తలలు వంచి కళ్ళు మూసుకోండి, ఇప్పటికిప్పుడు ప్రాణం పోతే పరలోకానికి వెళ్తామన్న నిశ్చయత ఉన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లో అన్నం ఉడికింది. కూడికల కోసమే కొన్న పెద్ద గిన్నె. మూత మీద మసిగుడ్డ వేసి, రెండు చేతులతో అదిమి పట్టుకుని గంజి వారుస్తోంది. ఆ క్షణంలో చెయ్యి తీస్తే అన్నం తూములోకి పోతుంది, గంజి కాళ్ళ మీద పడుతుంది.

ఆ మాటే చెప్పింది. అతను నమ్మలేదు. నమ్మలేదనడం కూడా తప్పే, అసలు వినలేదు. సంఘపెద్ద భార్యకే రక్షణ నిశ్చయత లేకపోతే ఇక సంఘానికి ఏం బోధిస్తామని స్టేషన్ దారిలో బాధపడ్డాడట. పాస్టరుగారికి ఫోను కూడా చేసేశాడట. వచ్చే ఆదివారం ఆమె ముందుకొచ్చి, ఇన్నాళ్ళూ పేరుకే విశ్వాసిగా బతికానని ఒప్పుకోవాలి. అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. వీలునుబట్టి మళ్ళీ బాప్తిస్మం. అన్నీ మాట్లాడేసుకున్నారు, ఒక్క ఆమెతో తప్ప.

అందరూ కళ్ళు మూసుకోవాల్సిన సమయంలో ఈయనకు ఆమె చెయ్యి ఎలా కనబడింది? ఆ ప్రశ్న వచ్చేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పెళ్ళయినప్పటినుంచి ఈ ఇంట్లో ఆమె పూర్తిగా విన్న ప్రసంగం ఒక్కటి లేదు. మొదటి పాట అయ్యేసరికి పప్పు పొంగుతుంది, వాక్యం మధ్యలో టీ కావాలని ముందుగదిలోంచి సైగ వస్తుంది. భోజనాల దగ్గర మాత్రం అతను, దేవుని కృపవల్ల ఈ ఇంటికొచ్చిన సేవకుల్లో ఎవర్నీ ఆకలితో పంపలేదండీ, అందరికీ పెట్టాను అంటాడు. పెట్టాను. గరిటె ఎక్కడుంటుందో ఎరగని మనిషి. వచ్చినవాళ్ళు కళ్ళు చెమర్చుకుని, మీకు కిరీటం సిద్ధంగా ఉంది బ్రదర్ అంటారు. ఆమెతో అనేది, సిస్టర్, ఇంకాస్త చారు. రక్షణ కృపవల్ల ఉచితంగా వస్తుంది, పరలోకంలో బహుమానాలు మాత్రం చేసిన పనినిబట్టి అని బుధవారం బుధవారం బోధించేది కూడా అతనే. పని ఆమెది, బహుమానం అతనిది. అంతవరకూ ఎలాగో సరిపెట్టుకుంది. కిరీటం ఆమెకు అక్కర్లేదు, నెలలో సగం రోజులు తలనొప్పే. కానీ ఇప్పుడు ఉచితంగా వచ్చినదాన్ని కూడా లాక్కుంటున్నాడు.

అది ఆమెకు ఎలా వచ్చిందో అతనికేం తెలుసు. పెళ్ళికి ముందు, నందిని గనుల కాలనీలోని పుట్టింట్లో, అమ్మ చనిపోయిన ఏడాది, ఇంట్లో ఎవరూ లేని ఒక మధ్యాహ్నం మోకరించి ఏడుస్తుంటే, పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. ఆ వచ్చినాయన తర్వాత ఎప్పుడూ లేచి వెళ్ళలేదు. కడుపు పోయినప్పుడు ఉన్నాడు. మొగుడు మూడో రోజే కూడిక పెట్టి వంటకు లేపినప్పుడూ ఉన్నాడు. ఈ ఇంట్లో చెంబుతో సహా ఏదీ ఆమెది కాదు, ఇదొక్కటే ఆమెది. ఇది అబద్ధమని నలుగురిలో తన నోటితో తనే చెప్పాలట, మొగుడు తొందరపడి ఫోను చేసినందుకు.

ఆ వారమంతా బతిమాలింది. పొరపాటు పడ్డానని పాస్టరుగారికి ఒక్క మాట చెప్పమంది.

"ఏటి, ఆయన ముందు నన్ను అబద్ధికుణ్ణి చేస్తావా? ఒక్కసారి లేచి నిలబడితే బాత్ ఖతం," అన్నాడతను.

బఠానీలు వలుస్తున్న అత్తగారు కన్నమ్మ కూడా అందుకుంది. "ఒకపాలి తగ్గితే ఏటయిపోద్ది పిల్లా? నాను తగ్గలేదేటి?"

"తగ్గితే ఏటి దొరికింది అత్తా?"

ఆవిడ, అక్కడ దొరుకుతాదిలే అని పైకి చూపించింది. పైన దుమ్ము పట్టిన ఫ్యాను తిరుగుతోంది. దాన్ని తుడవాల్సింది కూడా అరుణకుమారే.

ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఆమెను పిలిచారు. ఆడవాళ్ళ వరసలోంచి లేచి ముందుకెళ్ళింది. ఆయన మైకు చేతికిచ్చి, మనసులో ఉన్నది భయపడకుండా చెప్పమన్నారు.

"నాకు నిశ్చయత ఉందండి. మా అమ్మ పోయినప్పటినుంచీ ఉంది. ఆ రోజు గంజి వారుస్తున్నాను, అందుకే చెయ్యెత్తలేదు. ఒప్పుకోడానికి నా దగ్గర పాపాలున్నాయి గానీ, ఇది వాటిలో లేదు."

ఆడవాళ్ళలో ఎవరో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. పాస్టరుగారికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆయన చెడ్డవాడేం కాదు, గొడవ తేలిపోతే చాలనుకునే మనిషి. దేవునికి స్తోత్రం, అయితే ఇప్పుడొకసారి చెయ్యెత్తండి సిస్టర్, అందరూ చూస్తారు, బ్రదర్‌గారి మనసూ కుదుటపడుతుంది అన్నారు.

ఎంత తేలిక. ఎత్తితే అయిపోతుంది. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం అలవాటైన ఆ చెయ్యి నడుము దాకా లేచింది కూడా. అప్పుడు మొగుడి వైపు చూసింది. అతని ముఖంలో ఆమె ఆత్మ గురించిన బెంగ ఏ మూలా లేదు. కానీయ్, తొందరగా అని వేళ్ళతో సైగ చేస్తున్నాడు. టీ కావాలన్నప్పుడు చేసే సైగే.

ఆమె చెయ్యి దించేసింది. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, అతని వైపే చూస్తూ అంది.

"అందరికీ అన్నం మీరే పెట్టేరు కదండీ, ఆ కిరీటమూ మీరే పెట్టుకోండి. ఈ చెయ్యి మాత్రం నాది. ఎత్తను."