ఆఖర్న పోయాల్సిన వెనిగర్

లుదోవీనా నోరు మూసేసింది. ఆ నోరు మూయించాలని ఇన్నేళ్లూ వీధి వీధంతా ప్రయత్నించి ఓడిపోయింది. ఇప్పుడు దాన్ని తెరిపించలేక కూతురు సొరైదా ఓడిపోతోంది. జ్వరం తగ్గి ఆసుపత్రి నుంచి వచ్చింది మొదలు ముసలావిడ గంజి ముట్టదు, సూపు ముట్టదు.

"మందు మేమిచ్చాం, ముద్ద మీరు పెట్టుకోవాలి. తినకపోతే మనిషి నిలవదమ్మా," అని డాక్టరు తేల్చేశాడు.

నిన్న సాయంత్రం మాత్రం గోడవైపు తిరిగే ఒక మాటంది: "నల్ల చిక్కుడు గింజలు. మా అమ్మ వండినట్టు."

డబ్బా అడుగున మిగిలినవి గుప్పెడు. రేషన్‌లో మళ్లీ ఎప్పుడిస్తారో ఇచ్చేవాడికే తెలియదు. సొరైదా వాటిని నానేసి కరెంటు కోసం కాచుక్కూర్చుంది. ఈ మతాన్సాస్ ఊళ్లో గింజలు రాత్రి నానుతాయి, మనుషులు పగలు నానుతారు, చెమటలో.

పొద్దెక్కాక మేడ మొత్తం ఒక్క గొంతుతో అరిచింది: "వచ్చిందీ!" ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్లు పరుగు.

ఆ ఇంట్లో ఈ వంటకి ఒక వరస ఉంది. ముందు గింజ మెత్తబడాలి. ఆ తర్వాతే వెల్లుల్లి, ఉల్లిపాయ, క్యాప్సికం, జీలకర్ర వేసిన తాలింపు. చిటికెడు పంచదార. అన్నిటికీ ఆఖర్న, దించబోయే ముందు, చెంచాడు వెనిగర్. ఇక మూతపెట్టి గిన్నెని నిద్రపుచ్చడమే. సొరైదా ఇదంతా కళ్లు మూసుకుని చేయగలదు. కరెంటు కోతల పుణ్యమా అని చీకట్లో చేసింది కూడా.

కానీ ఇవాళ ఆ వరస తప్పింది. ఉన్నది ఒక్క కరెంటు పొయ్యి. సగం ఉడికాక కరెంటు పోతే? తాలింపు ఎప్పుడు వేయించాలి? కనీసం అమ్మమ్మ రుచన్నా లోపలికి దిగాలి కదా! ముందే తాలింపు వేయించి గింజల మీద గుమ్మరించింది. ఆ కంగారులో వెనిగర్ కూడా పోసేసింది.

కరెంటు పోలేదు. మధ్యాహ్నం దాటినా పోలేదు. ఎప్పుడూ చుట్టపుచూపుగా వచ్చేది ఇవాళ ఇల్లరికం వచ్చినట్టు తిష్ఠ వేసింది. పులుపు తగిలిన గింజ మాత్రం బిగుసుకుని కూర్చుంది. పరాయిచోట మన పప్పులుడకలేదంటే సరే, సొంత పొయ్యి మీదా ఉడకకపోతే ఎవరితో చెప్పుకోవాలి? గిన్నెలో నీళ్లుడికాయి, పక్కన సొరైదా ఉడికింది. గింజలుడకలేదు. ఎంత గింజుకున్నా ఉడకలేదు.

పక్కింటి ఒబ్దూలియా కిటికీలోంచి తొంగిచూసింది. "ఏంటే, చిక్కుళ్లు వండుతున్నావా, గులకరాళ్లా? ఆ చప్పుడేంటి?"

"వెనిగర్ ముందే పోశా వదినా."

"ముందా! నీ తెలివి తెల్లారినట్టే ఉంది. కాస్త వంటసోడా వెయ్యకపోయావా?"

"ఉంటే కదా."

ఒబ్దూలియా గొంతు తగ్గింది. "నా దగ్గరా లేదే. గింజలన్నా ఇద్దునా అంటే, మేమూ ఉత్తన్నమే తింటున్నాం."

"గింజలొద్దు వదినా. పొద్దుట్ని వెనక్కి తెచ్చిస్తావా?"

కిటికీలో తల మాయమైంది.

సొరైదా వెల్లుల్లి దంచే రోట్లో గింజలు పోసి, ఏడుస్తూ దంచింది. జల్లెడలో ఒత్తితే నల్లటి పిండిగుజ్జు కాస్త దిగింది. చెంచాతో అమ్మ పెదవులకి అందించింది. లుదోవీనా నాలుక కొసతో తాకి మొహం తిప్పేసింది.

"ఇది మా అమ్మది కాదు."

"కాదమ్మా. వెనిగర్ ముందే పోసేశా."

ముసలి కళ్లు తెరుచుకున్నాయి. "ఎందుకు?"

"కరెంటు పోతుందని భయమేసింది."

"పోయిందా?"

"పోలేదు."

లుదోవీనా గొంతులోంచి ఒక నవ్వు తునక తన్నుకొచ్చింది. నోరు తెరుచుకుంది. సొరైదా ఆ సందులో చెంచా దూర్చేసింది. ముసలావిడ పొలమారింది, దగ్గింది, కోపంగా చూసింది, మింగింది.

"ఇంకొక్కటి, అమ్మా."

నోరు మళ్లీ మూసుకుంది.

"కరెంటు ఇంకా ఉందమ్మా. చూడు, ఇంకా పోలేదు," అంది సొరైదా, మళ్లీ నవ్వుతుందేమోనని. నవ్వలేదు. సొరైదా చెంచా పెదవుల దగ్గర్నుంచి తియ్యలేదు.