హెడ్డుకి చలవ

జానకిరామ్ పోయిన రోజున అతని మోటారు సైకిలు కాకినాడలో ఆసుపత్రి స్టాండులోనే ఉండిపోయింది. జ్వరంతో ఉన్నవాడు తనే దాన్ని నడుపుకుంటూ వెళ్లాడు. బస్సెక్కమని తల్లి ఎంత చెప్పినా వినలేదు. డాక్టరుకి చూపించుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానన్నాడు. ఆ వారం దాటకుండానే అతన్ని అంబులెన్సులో ద్రాక్షారామం తీసుకొచ్చారు. బండి సంగతి ఎవరికీ గుర్తు లేదు. పెద్దకర్మ అయ్యాక స్టాండు వాళ్లు ఫోన్ చేస్తే, తండ్రి జగన్నాథరావు మాస్టారు వెళ్లి తెచ్చుకున్నారు. హెల్మెట్ హ్యాండిల్‌కే వేలాడుతోంది. పెట్టుకోబోతే ఆయన తలకు పట్టలేదు. మోచేతికి తగిలించుకుని, కాలవ గట్టు వెంబడి నెమ్మదిగా నడుపుకుంటూ ఇంటికి వచ్చారు.

అప్పటి నుంచీ ప్రతి ఆదివారం పొద్దున్నే బండి స్టార్ట్ చేసేవారు. బ్యాటరీ పడిపోకూడదని ఆయన చెప్పుకునే కారణం. ఇంజన్ బాగా వేడెక్కేదాకా తిరగనిచ్చి, ఆపేసి, భీమేశ్వరస్వామి గుడి వైపు నడిచి వెళ్లిపోయేవారు. తిరిగొచ్చేసరికి బండి చల్లారిపోయి ఉండేది. ఆ బండి గురించి ఆయనా, భార్య రత్నమాణిక్యమూ మాట్లాడుకునేవారు కాదు. కొడుకు గురించీ అంతే. అప్పటివరకూ ఇంట్లో మాటలు ఎక్కువగా మాట్లాడింది అతనే.

పుష్యమాసంలో ఒక ఆదివారం బండి మీద ఎర్ర దీపం వెలిగింది. ఇంజన్ కాగిపోతోందని దాని అర్థం. మాస్టారు ఇంజన్ పక్కనున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా మూత తీసి చూశారు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ అందులో పచ్చగా కనబడాలి. తెల్లగా, చిక్కగా ఏదో కనబడింది.

బండిని తోసుకుంటూ రామచంద్రపురం రోడ్డులో హరిబాబు షెడ్డుకి తీసుకెళ్లారు. హరిబాబు ఒకప్పుడు ఆయన దగ్గర తెలుగు చదువుకున్నవాడు.

"ఆయ్, రండి మాస్టారూ. తోసుకొచ్చేశారేంటండీ, ఫోన్ చేస్తే నేనే వద్దును కదా." అతను వంగి డబ్బాలోకి చూశాడు. "బండి ఈనిందా ఏంటండీ, పాలిస్తంది?"

అనేశాక అది ఎవరి బండో గుర్తొచ్చింది. నాలిక కరుచుకుని, స్టూలు తుడిచి ఆయన ముందు వేశాడు.

"పర్లేదు, నీ పని నువ్వు చూడు" అన్నారు మాస్టారు.

"కూలెంట్లో ఆయిలు కలిసిందండి. రెండూ పక్కపక్కనే తిరుగుతాయి గానీ కలవకూడదు. మధ్యలో అడ్డం ఎక్కడో పోయింది. అదెక్కడో చూడాలి."

మొదట ఇంజనాయిలు కొలిచే పుల్ల బయటికి లాగి వెలుతురులో పట్టుకున్నాడు. ఆయిలు తేనె రంగులో, తేటగా ఉంది.

"హెడ్డు కింద అడ్డంగా ఉండే గ్యాస్కెట్ పోతే నీళ్లు ఇటు కూడా దిగుతాయండి. ఇదీ పాలకాఫీలా అయిపోవాలి. అవలేదు."

బండి పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి, ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి లోపలికి చూస్తూ నిలబడ్డారు. ఇంజన్‌లో మండిన గ్యాస్ నీళ్లలోకి తంతే బుడగలు రావాలన్నాడు. ఆ తెల్లటి నీళ్లు నింపాదిగా తిరిగాయి. బుడగ రాలేదు. ఆపేసి, వాటర్ పంపు కింద ఉన్న సన్నటి బెజ్జానికి వేలు ఆనించి చూశాడు. పంపు సీలు పోతే అక్కడ కారాలి. వేలు పొడిగా వచ్చింది.

"సంధులు విడదీయడం రాదని నన్ను బెంచీ ఎక్కించేవారు కదండీ, ఇప్పుడు రోజూ నాకు విడదీయడమే పని" అన్నాడు హరిబాబు. మాస్టారి ముఖంలో నవ్వు కోసం చూశాడు. కొంచెం కనబడింది. "ఇంక మిగిలింది ఒక్కటేనండి. హెడ్డే ఎక్కడో చిట్లి ఉండాలి. అది వేడి మీదే తెరుచుకుంటుంది, చల్లగా ఉన్నప్పుడు దొరకదు. విప్పి చూడాలి. విప్పానంటే మళ్లీ బిగించడానికి సామాను లేదు. ఈ మోడల్ ఆపేసి చాలా కాలమైందండి."

"అంటే ఇంజన్ పోయినట్టేనా?"

హరిబాబు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "ఎవరైనా పొరపాటున అందులో ఏదైనా పోశారా అండీ?"

"మా ఇంట్లో దాని జోలికొచ్చే వాళ్లెవరున్నారు?"

సామర్లకోటలో పాత బండ్లు విప్పి సామాను అమ్మే మనిషి ఒకడున్నాడని, రేపు సాయంత్రం ఇటే వస్తున్నాడని హరిబాబు బండి వైపు చూస్తూ చెప్పాడు.

"ఇంజన్ పోయిందని నువ్వు తేల్చి చెబితే ఇచ్చేస్తాను" అన్నారు మాస్టారు. "కదలని బండిని రోజూ గుమ్మంలో చూడలేను. కానీ ఉత్త అనుమానం మీద ఇవ్వను."

హరిబాబు తల ఊపి, రేడియేటర్‌లోంచి కొంత ఒక నీళ్ల సీసాలోకి వంచి ఇచ్చాడు. "రేపటిదాకా కదపకుండా ఉంచండి. ఆయిలు పైకి తేలిపోద్ది. తేనె రంగులో తేలిందంటే ఇంజన్‌దే."

మాస్టారు ఆ సీసాను పెరటి పిట్టగోడ మీద పెట్టారు.

మర్నాడు మంచు బాగా కురిసింది. కొబ్బరిచెట్ల మొవ్వులు కనబడడం లేదు. మాస్టారు సీసా అందుకుని చూశారు. అడుగున నీళ్లు మసక పచ్చగా విడిపోయాయి. పైన తేలింది తేనె రంగులో లేదు. తెల్లగా ఉంది. సీసా వంచితే నీళ్లు వంగాయి గానీ పైన ఉన్నది వంగలేదు. బిళ్ల కట్టింది. చీపురుపుల్లతో పొడిస్తే చిన్న ముక్క విరిగింది. వేళ్ల మధ్య పెట్టుకోగానే అది కరిగింది.

ఇంజనాయిలు చలికి పేరుకోదు. పేరుకునేది ఏమిటో ఆ ప్రాంతంలో ఎవరికైనా తెలుసు. అయినా ఆయన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కూలెంట్ తియ్యటి వాసన కింద మెంతుల వాసన, మందారాకు వాసన. అది బజారులో దొరికే కొబ్బరి నూనె కాదు. వాళ్లింట్లో కాచినది.

రత్నమాణిక్యం కాఫీ గ్లాసుతో వచ్చి ఆయన చేతిలోని సీసా చూసింది. గ్లాసు గోడ మీద పెట్టింది.

"పాడైపోయిందా అండీ?" అంది.

"నువ్వు పోశావా?"

"వాడు నీళ్లు పోసేవాడు కదా, ఆ చిన్న మూత. అందులోనే పోశాను."

"ఎప్పుడు?"

"మీరు గుడికి వెళ్లాక. ఆదివారాలు."

కొడుకు పెద్దవాడై, కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరాక కూడా ఆదివారం తల్లి ముందు కూర్చుని తలకు నూనె రాయించుకునేవాడు. ఆఫీసులో జిడ్డు తల అని ఏడిపిస్తారమ్మా అంటూనే కూర్చునేవాడు. అది మాస్టారికి ఇప్పుడు గుర్తొచ్చింది. ఎందుకు పోశావని ఆయన అడగకముందే ఆవిడే చెప్పింది.

"ఆసుపత్రికి బయల్దేరిన వేళ గుమ్మంలో నుంచుని అన్నాడండి. హెడ్డు బాగా వేడెక్కిపోతోందమ్మా, వచ్చాక చలవ చేయించాలి అని. నేను గబగబా నుదురు పట్టుకున్నాను. నాది కాదమ్మా, బండిది అని నవ్వాడు." ఆవిడ చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "వాడి కోసం కాచిన నూనె సీసాలో అలాగే ఉండిపోయింది. ఇంకెవరికి రాయను? బండిదయితేనేం, హెడ్డే కదా అనుకున్నాను. తప్పు చేశానా?"

బండిలో హెడ్ అంటే ఇంజన్ మీద బిగించే లోహపు మూత లాంటిదని, నూనెతో దానికి చలవ చేయదని ఆయన చెప్పబోయారు. చెప్పలేదు.

"లేదు" అన్నారు. "ఇంజన్‌కి ఏం కాలేదు."

షెడ్డులో హరిబాబు ఆ సీసా మూత తీసి వాసన చూశాడు. "కొబ్బరి నూనా అండీ" అన్నాడు. నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. ఎవరు పోశారని అడగలేదు. వేడి ఇంజన్ చల్లారేటప్పుడు డబ్బాలో ఉన్నదాన్ని లోపలికి లాక్కుంటుందని, డబ్బాలో నీళ్లు తక్కువగా ఉండడం వల్ల నూనె కూడా వెళ్లిపోయిందని చెప్పాడు. జానకిరామ్ ఉన్నప్పుడే బండి వేడెక్కేదట అన్నారు మాస్టారు.

"మొదట్లో వేడెక్కడానికి కారణం ఇదిగోనండి." రేడియేటర్ మూత తిప్పి చూపించాడు. లోపలి రబ్బరు అరిగిపోయింది. "నీళ్లు ఆవిరైపోయేవి. జానకిరామ్ కనిపెట్టాడన్నమాట. మూత రాజమండ్రి నుంచి తెప్పిస్తాను. సబ్బు కలిపిన వేడినీళ్లు పోసి, తిప్పి, వదిలేస్తే సరి. తేటనీళ్లు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. జిడ్డు చుక్క కూడా మిగలదు. అప్పటిదాకా మాత్రం స్టార్ట్ చేయకండి."

సామర్లకోట మనిషిని రావద్దని అప్పుడే ఫోన్ చేసి చెప్పాడు.

ఆ సాయంత్రం మాస్టారు బండిని మళ్లీ ఇంటికి తోసుకొచ్చి, ఎప్పటి చోట నిలబెట్టారు. రత్నమాణిక్యం గుమ్మంలోంచి చూస్తూ ఉంది.

"బాగవుతుందటండీ?"

"అవుతుందట. ముందు లోపలంతా కడగాలి."

"కడిగితే మొత్తం పోతుందా?"

"చుక్క కూడా మిగలదట."

ఆవిడ లోపలికి వెళ్లింది. వంటింట్లో నూనె సీసా మూత బిగించిన చప్పుడు ఆయనకు వినబడింది.

రాజమండ్రి నుంచి రేడియేటర్ మూత వచ్చింది. హరిబాబే ఇంటికి తెచ్చి ఇచ్చి, బండి ఎప్పుడు పంపిస్తారండీ అని అడిగాడు. ఆదివారం తెస్తానన్నారు మాస్టారు. ఆ ఆదివారం వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం కూడా ఆయన బండి దగ్గరకు వెళ్లి, సీటు మీది దుమ్ము తుడిచి, గుడి వైపు నడిచి వెళ్లారు.

కొత్త మూత కవరుతోనే కిటికీలో ఉంది. రేడియేటర్ ఇంకా కడగలేదు.