నూరో పిట్ట

ఆ పొద్దు ఆకాశం మబ్బూ కాదు, తెరపీ కాదు. తూర్పున మాత్రం గోరంత ఎరుపు. శివరాత్రికి ఇంకా వారముంది. చలి మూటాముల్లె సర్దుకుంటోంది. నేనూ పద్మనాభం సారూ హొసకోటె చెరువుకట్ట ఎక్కేసరికి నీళ్ల మీద మంచు ఇంకా లేవలేదు.

సారు బ్రూక్‌ఫీల్డ్‌లో మా అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రెటరీ. నేను అక్కడి వాచ్‌మన్‌ని. ఆదివారాలు ఆయన దుర్భిణి మోసేది నేనే. ఈ చెరువు దగ్గర కొత్త పిట్ట కనబడితే నోటుపుస్తకంలో రాసుకుంటాడు. ఆరేళ్లకు తొంభై తొమ్మిది అయ్యాయి. ఎల్లుండి ఆయన మోకాలికి ఆపరేషన్. తర్వాత నాలుగు నెలలు కట్ట ఎక్కేది లేదు. చలికాలం పిట్టలు అందాకా ఆగవు.

బయల్దేరేటప్పుడు సారు భార్య వరూధినమ్మ అన్నం డబ్బా నా చేతికిచ్చి, "సుంకన్నా, ఈ పొద్దు నూరు చేపించి పిల్చుకొని రాప్పా. లేకుంటే ఆసుపత్రి మంచం మీద గూడా నా తలే తింటాడు" అంది.

నేను చూపిస్తూ పోయాను.

"అదో సార్, నీటికాకి."

"ఏడోది."

"తుమ్మ కొమ్మన లకుముకి."

"పన్నెండు."

"గట్టు మీద తలకు నల్లగీతల బాతులు ఉండాయి."

"ముప్పై నాలుగు. కొత్తది చూపించప్పా! పాతవి నాకూ కనపడతా ఉండాయి."

పది దాటింది. ఎండ చురుక్కుమంది. సారు కుంటుకుంటూ వచ్చి తూము రాతి మీద కూలబడ్డాడు. తూములోంచి పావురాలు టపటపా లేచాయి.

"థూ, ఈడ గూడా దాపురించినాయి!" అని తువ్వాలు విసిరాడు.

పావురమంటే ఆయనకు పడదు. మా పద్నాలుగు అంతస్తులకూ వలలు కట్టించాడు. పొద్దునా సాయంత్రమూ పళ్లెం వాయించి వాటిని తరమడం నా డ్యూటీ.

పుస్తకం నా ఒళ్లో వేశాడు. "ఏదన్నా రెండుమార్లు రాసినానేమో చూడు. అదొక దిగులు పట్టుకొనింది."

మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. వేలు పెట్టి నిదానంగా చదివాను. కాకి ఉంది. గోరింక ఉంది. పిచ్చుక కూడా ఉంది.

"రెండుమార్లు ఏదీ లేదు సార్. పావురమే లేదు."

"అదీ ఒక పిట్టేనా? పీడ!"

"పీడే సార్. ఎగిరే పీడ."

"నూరోది ఇదని ఎవురికన్నా చెప్పుకునేదెట్ల?" అన్నాడు సారు. పుస్తకం నా ఒళ్లోంచి తీసుకుని, "ముందే చెప్పొద్దా నువ్వు?"

"పుస్తకం ఈ పొద్దే కదా ఇచ్చింది."

జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. మూత పెట్టేశాడు. మళ్లీ తీశాడు. తప్పు ఒప్పుకున్నవాడి మొహంతో ఒక్క మాట రాసి, పక్కన టైము వేశాడు.

డబ్బా విప్పాను. చిత్రాన్నం. మూతలో నేను, డబ్బాలో ఆయన. నాలుగు ముద్దలు పోయాయో లేదో, ఒక పావురం తూము మీద వాలి, మెడ నిక్కించి, గుడుగుడు నడిచి వచ్చింది. ఎండకు దాని మెడ ఒకసారి పచ్చగా, ఒకసారి వంకాయరంగుగా మెరిసింది. అలవాటు కొద్దీ మూత వాయించబోయాను. సారు నా మణికట్టు పట్టుకుని ఆపాడు. అన్నంలోంచి ఒక చెనిక్కాయ గింజ ఏరి, చెప్పు పక్కన జారవిడిచాడు.

డబ్బా అడుగు కనబడేదాకా ఎవరమూ అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ మూడో శాల్తీ కూడా.