పెండ్లిళ్ళ పేజీ

దేవుడి చిత్తం అడగాల్సి వచ్చినప్పుడల్లా ఇల్లు కడిగేది ప్రమీలే. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అందరికీ అన్నాలు పెట్టి, గిన్నెలు తోమి, తార్నాకలోని ఆ రెండు గదుల షాబాదు బండలు తడిగుడ్డతో తుడిచి, చాప పరిచి, చాప నడుమ పీట వేసి, పీట మీద ఉతికిన తెల్లగుడ్డ కప్పితే, అప్పుడు ఆమె భర్త దానియేలు బైబిలు తెచ్చి పెట్టేవాడు. అత్త సోమమ్మ కళ్ళు మూసుకుని దాన్ని తెరిచి, తెరిచిన చోట వేలు పెట్టేది. సోమమ్మకు చదువు రాదు, చూపు కూడా మసకే. వేలు పడ్డ వాక్యం దానియేలు పైకి చదివేవాడు. దేవుడి జవాబు అదే. దాని మీద ఇంక ఎవరూ మాట్లాడేది లేదు.

అడిగిందల్లా ప్రమీల సంగతే, ఇప్పటికి రెండుసార్లు. పెళ్ళయిన కొత్తలో మెట్రిక్ పరీక్ష రాస్తానన్నప్పుడు ఒకసారి. రెండో కాన్పుకు తల్లిగారింటికి పోయి మూడు నెలలు ఉంటానన్నప్పుడు ఇంకోసారి. రెండుసార్లూ బైబిలు ఒకే పేజీ దగ్గర తెరుచుకుంది. భార్యలు భర్తలకు లోబడి ఉండాలని చెప్పే పేజీ. మొదటిసారి ఆమెకు ఏడుపొచ్చింది. రెండోసారి భయమేసింది. ఇటుకంత లావు పుస్తకం, వెయ్యికి పైగా పేజీలు, అందులో తన కోసం ఒక్కటే పేజీనా? "దేవునికి నీ మీద ఒక్కటే మాటున్నదే పిల్లా," అన్నది సోమమ్మ. ఎకసెక్కానికి కాదు, జాలిగానే అన్నది. తనలో ఏదో పాడు మొండితనం ఉంది కాబట్టే ఆయన చెప్పిందే చెప్తున్నాడని ప్రమీల కూడా నమ్మింది. పదకొండేళ్ళు నమ్మింది. చర్చిలో అందరూ పాడుతుంటే తను మాత్రం తప్పు చేసి బడి బయట నిలబడ్డ పిల్లలా ఉండేది లోపల.

మూడేళ్ళ కింద దానియేలుకు కామెర్లు వచ్చి నాలుగు నెలలు మంచం పట్టాడు. హబ్సిగూడలో లాబరేటరీ అటెండరు పని, జీతం సగానికి పడింది. అప్పుడు ప్రమీల యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు కుట్టే సెక్షనులో రోజుకూలీకి చేరింది. ఆ రోజు పీట వేయలేదు, గుడ్డ కప్పలేదు, ఎవరూ బైబిలు తెరవలేదు. ఆకలికి దేవుడి అనుమతి అక్కర్లేదనుకున్నారు కాబోలు.

ఇప్పుడు, అరవై ఎనిమిది నవంబరులో, ఆ పని పర్మినెంటు చేస్తామని కాయితం ఇచ్చారు. క్యాంపసంతా ముల్కీల మాటే, ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకేనన్న మాటే నడుస్తున్న రోజులు. "నీకు ముల్కీ సర్టిఫికెట్ ఉన్నది, చెయ్యి మంచిది. సోమవారం పన్నెండు లోపల సంతకం పెట్టి తీసుకరా. లేకుంటే ఇంకొకరికి పోతది," అన్నాడు సెక్షను సారు. అని, "మీ ఆయన్ని అడిగి రా," అని కలిపాడు. పక్కనే ఉన్న బిక్షానికీ అదే కాయితం ఇచ్చాడు. మీ ఆవిడనడిగి రా అని బిక్షంతో అనలేదు. బిక్షం అక్కడికక్కడే సంతకం గీకి బీడీ తాగడానికి పోయాడు.

దానియేలు చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. చర్చిలో కానుక పళ్ళెం పట్టే మనిషి. చల్లగా మాట్లాడతాడు, అదే పెద్ద బాధ. అరిచే మొగుడితో అయితే ఎదురు అరవొచ్చు. "రోజుకూలీ అంటే మన అవసరం ప్రమీలా. పర్మినెంటంటే నీ ఇష్టం. అవసరం వేరు, ఇష్టం వేరు," అన్నాడు. ఆ మాట ఆమెలో ముల్లులా దిగింది. పొద్దున అయిదింటికి నల్లా దగ్గర బిందెల లైనులో నిలబడ్డప్పుడు గుర్తొచ్చింది. పిల్లలకు జడలు వేస్తుంటే గుర్తొచ్చింది. సోమమ్మ కళ్ళల్లో మందు చుక్కలు వేస్తుంటే చుక్క చెంప మీద పడింది. బుధవారం అన్నం మాడింది. ఇవన్నీ అవసరాలేనా? పుట్టి ముప్పై ఏళ్ళయింది, ఇష్టం అనే మాట తన పేరు పక్కన వినడం అదే మొదటిసారి. అదీ నేరంలాగ. "ఆదివారం అడుగుదం. ఆయన ఎట్లంటే గట్ల," అన్నాడు దానియేలు. ఆయన ఏమంటాడో ఇద్దరికీ తెలుసు.

గురువారం సోమమ్మే పిలిచి అంది. "అట్ట ఊడుతున్నదే. మీ కాడ కుట్టియ్యరాదు? ఆదివారం తెరవాలె గద."

ప్రమీల బైబిలును తువ్వాలలో చుట్టుకుని క్యాంపసుకు నడిచింది. సెక్షనులో ఆమెకు పని నేర్పింది ఖాజామియా. అరవై ఏళ్ళ మనిషి, ఎవరి గ్రంథమైనా ముట్టే ముందు చేతులు కడుక్కుంటాడు. ఆ రోజూ కడుక్కుని, బల్ల మీద తెల్లకాయితం పరిచి, బైబిలును వీపు మీద నిలబెట్టి, రెండు అట్టలూ ఒక్కసారే వదిలాడు. కుట్టు ఎక్కడ తెగిందో చూడటానికి ప్రతి పుస్తకానికీ చేసే పనే అది. ప్రమీల స్వయంగా వందల పుస్తకాలకు చేసింది. బైబిలు రెండుగా విచ్చుకుని పడింది. అదే పేజీ.

ప్రమీల ఒక అడుగు వెనక్కి వేసింది. ఇక్కడికి కూడా వచ్చాడా ఆయన, ఈ మాట చెప్పడానికి?

ఖాజామియా మూసి మళ్ళీ నిలబెట్టి వదిలాడు. మళ్ళీ అదే. "ఈడ దెబ్బ తిన్నది బేటీ," అన్నాడు మామూలుగా. "ఎవరిది ఈ కితాబు?"

"మా మామది చాచా. ఉపదేశి ఉండె. మెదక్ దిక్కు పల్లెలల్ల ముప్పై ఏండ్లు తిరిగిండు. లగ్గాలల్ల వాక్యం ఈయననే చదువుతుండె."

"అదే మరి. లగ్గం లగ్గంకు ఇదే పేజీ చదివిండు. చూడు, గాలికి మూసుకపోకుండ అరచెయ్యి పెట్టి అదిమిండు. చెమట మరక కూడ ఉన్నది." పేజీ అంచున గోధుమరంగు మచ్చను చూపించాడు. "కితాబుకు యాది ఉంటది బేటీ. యాడ వత్తుతరో ఆడ్నే విచ్చుకుంటది."

ఖాజామియా జిగురు చూసుకోవడానికి పోయాడు. మైదాలో మైలుతుత్తం కలిపి ఉడికిస్తున్న వాసన గదంతా ఉంది. ప్రమీల స్టూలు మీద కూర్చుండిపోయింది. ముందు నవ్వొచ్చింది. దేవుడు కాదు, తెగిన దారం! తర్వాత ఆ మరక మీద తన అరచెయ్యి పెట్టి చూసింది. మామ చెయ్యి పెద్దది, ఆమె చెయ్యి చుట్టూ మరక ఇంకా మిగిలింది. ముప్పై ఏళ్ళ పెళ్ళికూతుళ్ళు కళ్ళముందు కదిలారు. పసుపురంగు చీరలు, వంచిన తలలు, పందిట్లో అందరి ముందూ వాళ్ళకు ఆ ఒక్క పేజీ. అందరి పెళ్ళిళ్ళ బరువూ మోసి మోసి వీపు విరిగిన పుస్తకం, ఆ విరిగిన చోటే తన మెట్రిక్, తన కాన్పు, రేపు ఈ కాయితం. మామ మంచివాడే. ఆయనకు తెలియదు. అత్తకూ తెలియదు. తెలియనివాళ్ళంతా కలిసి ఒక మనిషి బతుకును ఎంత భక్తిగా మూసేశారో!

అప్పుడు ఇంకొక సంగతి తట్టి ఆమెకు ఒళ్ళు తేలికయింది. అయితే దేవుడు తనతో ఆ మాట అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. ఆయనకు తన మీద కోపం లేదు. పదకొండేళ్ళుగా లేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కుట్టు విప్పి ఫారాలన్నీ, మడత పేజీల కట్టలన్నీ, విడదీసింది. సూదికి దారం ఎక్కించింది. పాతనిబంధన సగం కుట్టేసరికి చెయ్యి ఒక పేజీ దగ్గర ఆగింది. తన చేతి కష్టంతో పొలం చూసి కొనుక్కునే ఇల్లాలి గురించిన పేజీ. ఇక్కడ నాలుగు కుట్లు వదులు చేస్తే చాలు. పేజీని వెనక్కి నాలుగుసార్లు మడిచి అదిమితే చాలు. ఆదివారం అత్త వేలు ఇక్కడే పడుతుంది. దానియేలే పైకి చదువుతాడు, చదవక తప్పదు. లోకంలో ఎంతమందికి దొరుకుతుంది, దేవుడి నోరు ఇట్లా చేతికి? ఒకసారి వంచింది కూడా. కాయితం చిన్నగా కిర్రుమంది.

ఆ చప్పుడుకు చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన నోట్లో నా మాట కుక్కితే మామకూ నాకూ తేడా ఏముంది? మామ తెలియక చేశాడు, నేను తెలిసి చేస్తాను. పేజీని గోటితో సరిచేసి, అన్ని ఫారాలకూ ఒకే బిగువుతో కుట్టుకుంటూ పోయింది. కుడుతూనే ప్రార్థన చేసింది. ఇన్నాళ్ళూ సెలవియ్యి సెలవియ్యి అనే అడిగేది. ఆ రోజు బుద్ధినియ్యి అని అడిగింది. అడిగి, ఆలోచించింది. అత్త కళ్ళు, పిల్లల బడి, దానియేలు అలక, మళ్ళీ కామెర్లు వస్తే ఏమిటన్నది, అన్నీ. చివరికి, ఈ పని చేస్తున్నప్పుడు తన చేతులకు కలిగే నెమ్మది. ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు. ఆఖరి ముడి వేసేసరికి మాత్రం లోపలి కొట్టుమిట్టాట ఆగింది.

ఆదివారం మళ్ళీ ఇల్లు కడిగింది. పీట వేసింది. కొత్తగా కట్టిన జిల్దు అట్ట తడిమి, "మంచిగ కుట్టినవే," అంది సోమమ్మ. కళ్ళు మూసుకుని తెరిచి వేలు పెట్టింది. దానియేలు చదవబోయి తడబడ్డాడు. గుడారపు తెర ఎన్ని మూరలు పొడుగు, ఎన్ని మూరలు వెడల్పు ఉండాలన్న లెక్క.

"ఇంకోసారి తియ్యమ్మా."

ఈసారి వంశావళి. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, వాడు ఇంకొకణ్ణి కన్నాడు. నొప్పులు పడ్డవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. దానియేలు తల ఎత్తాడు. "ఏం చేసినవ్ దీన్ని?"

"కుట్టిన," అంది ప్రమీల. "మామ లగ్గం లగ్గంకు ఆ ఒక్క పేజీ అదిమి అదిమి, దారం తెగింది. అందుకే గాడ్నే తెరుచుకుంటుండె. ఇప్పుడు అన్ని దిక్కుల ఒక్క తీరుగ తెరుచుకుంటది."

దానియేలు ముఖం ఎర్రబడింది. నమ్మలేదో, నమ్మడం ఇష్టం లేదో. బైబిలు తన వైపు తిప్పుకుని గబగబా పేజీలు తిప్పసాగాడు. వెనక్కి, ముందుకు, మళ్ళీ వెనక్కి. ఇన్నేళ్ళూ అదే తెరుచుకునేది కాబట్టి అది ఎక్కడుందో అతనికి వెంటనే దొరకలేదు. కాయితాల చప్పుడు గదంతా వినిపించింది. చివరికి దొరికింది. దాని మీద వేలు గట్టిగా ఆనించాడు. "ఇగో. ఈడ్నే ఉన్నది గద. యాడికి పోతది?"

ఇంకా కళ్ళు మూసుకునే ఉన్న సోమమ్మ చెయ్యి చాచి తడుముకుంటూ కొడుకు మణికట్టు పట్టుకుంది.

"కండ్లు తెరిచి ఎతికినవు గదా కొడుకా," అంది మెల్లగా. "ఆ వేలు నీది."

దానియేలు వేలు తీశాడు. బైబిలు దానంతటదే మూసుకుంది, కొత్త కుట్టు కదా, బిగువుగా ఉంది. సోమమ్మ కళ్ళు తెరిచి, మసక చూపుతోనే కోడలు ఉన్న దిక్కుకు చూసింది. "రెండుసార్లు తప్పు చెప్పిన్నే నీకు," అంది.

"నీకెట్ల తెలుస్తది అత్తమ్మా," అంది ప్రమీల. "రేపటి నుంచి మొదటి పేజీకాడికెల్లి చదివి వినిపిస్త. రోజుకింత." ఆ మాట అంటూనే ఉద్యోగం కాయితం తీసి, తెల్లగుడ్డ మీద పెట్టి, తన పూర్తి పేరు రాసింది. దానియేలు చూస్తున్నాడు. కోపమో సిగ్గో అతనికే తెలిసినట్టు లేదు.

"నేను గూడ కండ్లు తెరిచే ఎతికిన," అంది అతనితో. "ఇది నా ఇష్టం." తర్వాత పీట ఎత్తి గోడకు ఆనిస్తూ, రోజూ చెప్పే మాటలాగే చెప్పింది.

"నల్లా అయిదింటికొస్తది. రేపు బిందెలు నువ్వు పట్టు."