పిడుగు కండె

కోటిలింగం పోయి నెల తిరిగేసరికి, మగ్గం పట్టుకుపోవడానికి అతని తమ్ముడి కొడుకు బసవపున్నయ్య వచ్చాడు. కోటిలింగం పెళ్లాం వెంకటరావమ్మ కాదనలేదు. ఆవిడ గొట్టాలకి నూలు చుట్టి కండెలు చేసే మనిషే కాని మగ్గం గుంటలో దిగి నేసే మనిషి కాదు. ఆవిడను తినేస్తున్న దిగులు వేరు. ఆయన తన మీద కోపంతోనే పోయాడా అని.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన కొత్తలో మాట. భవానీపురం దగ్గర కృష్ణ ఇసుకలో మొగుడూ పెళ్లాలు నేతకి నిలువుపోగుల పడుగు సాగదీసి గంజి పెడుతుంటే మబ్బు కమ్మింది. అందరూ గట్టు మీదికి పరుగెత్తారు. కోటిలింగం మాత్రం పడుగు కోసం వెనక్కి పరుగెత్తబోయాడు. పేటంతా చూస్తుండగా వెంకటరావమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. విదిలించినా, తిట్టినా వదల్లేదు. కళ్లముందే పిడుగు పడి పడుగు భగ్గుమంది.

మర్నాడు అక్కడ తవ్వితే, ఆ వేడికి ఇసుకే కరిగి గట్టిపడ్డ గాజు గొట్టం దొరికింది, అచ్చం కండె గొట్టంలా. బయట గరుకు, లోపల నునుపు.

"మన నేతవాళ్ల చౌడమ్మతల్లి కండె పంపిందండీ! నాకో ఎర్రకొంగు చీర నెయ్యండి" అంది ఆవిడ.

"పడుగు కాల్చి కండె పంపిందా? ఇలా తే, అవతల పారేస్తా" అని లాక్కున్నాడు.

పారేశాడనే అనుకుంది. ఇక కూరలో ఉప్పు తగ్గినా, "నువ్వు చెయ్యి వదిలుంటే ఆ పడుగు దక్కేది" అని ఒకటే సణుగుడు. ఇప్పుడా సణుగుడు కూడా లేని ఇల్లు ఆవిడకు ఇల్లులా లేదు.

బసవపున్నయ్య మగ్గం విప్పబోతూ గుంటగోడ గూట్లోంచి ఒక మూట తీశాడు. "ఇదేంటి పెద్దమ్మా?"

ఆ గాజు గొట్టమే. దాని నిండా ఎర్రనూలు. కొస పట్టి లాగితే జానెడుకో ముడి. నూలు రేషన్‌లో కొలిచి ఇచ్చే కంట్రోలు రోజుల్లో, ఎవరెవరి చీరలో నేయగా మిగిలిన పోగులన్నీ అతికి చుట్టిన కండె. ఆ బిగువు ముడి ఆయనదే. ఎన్ని ముళ్లలో కలిపినా ఆవిడ పోల్చుకుంటుంది.

"పడుగు పోయిందని చచ్చేదాకా సాధించాడు. నా కొంగుకి పేక నూలు దాచిపెట్టాడ్రా!" అని భోరుమంది.

కాసేపటికి కళ్లు తుడుచుకుంది. "మగ్గం విప్పకు. ముందు నాకా చీర నేసిపెట్టి, తర్వాత పట్టుకుపో."

"ముళ్లు పైకి కనబడతాయి పెద్దమ్మా."

"కనబడనీరా."