చెయ్యి చూసి వెళ్ళేవాళ్ళు

ఉదయం ఏడైంది. మృగశిర వచ్చినా చినుకు లేదు. జగ్గయ్యపేటలో ఆ వేళకే ఉక్క పోస్తోంది.

చూడామణి గేటు ముందు ముగ్గు వేస్తోంది. అది పూర్తవకుండానే జనం వచ్చేశారు, రోజూలాగే. క్యారేజీలు పట్టుకున్నవాళ్ళు, బండి స్టార్టు చేసి ఉంచినవాళ్ళు. ముగ్గు తొక్కకుండా పక్కనించి లోపలికొచ్చి, వరండాలో కుర్చీ చుట్టూ నిలబడ్డారు.

కుర్చీలో ఆవిడ కూతురు వాగ్దేవి. ఎడం చెయ్యి చాపి దిండు మీద పెట్టుకుంది.

చెయ్యంతా దద్దుర్లు. గుంటూరులో ఆఖరి మందు సీసా ఎక్కించి, "ఇంక జబ్బు లేదమ్మా, ఇంటికెళ్ళు" అని పంపించిన వారానికే మొదలయ్యాయి. జబ్బు పోయింది. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది. దురద మాత్రం పోలేదు. "మందుల వేడి, అదే తగ్గుతుంది" అన్నాడు డాక్టరు, కాగితం మీంచి తలెత్తకుండా.

ఆ దద్దుర్లు చుట్టుపక్కల దారుల పటంలా ఉంటాయి. మోచెయ్యి జగ్గయ్యపేట. అక్కణ్ణించి మణికట్టుదాకా ఎర్రగా ఉబ్బిన గీత నందిగామ రోడ్డు. మధ్యలో చీలింది పెనుగంచిప్రోలు దారి. మోచేతి పైన గరికపాడు, అరచేతిలో పరిటాల. ఆ రోజు ఏ దారిలో ప్రమాదం ఉంటే అక్కడ దద్దు చింతపిక్కంత లేచి మండుతుంది. అది చూసుకుని వీధి వీధంతా పనుల మీద బయల్దేరుతుంది. బస్సు టైము అడిగినట్టే అడుగుతారు.

"అమ్మాయ్, గరికపాడు వైపెలా ఉందే?" అంది నాగేంద్రమ్మ. ఎదురింటి ఆవిడ. భర్త రాధాకృష్ణమూర్తికి మిర్చి హోల్‌సేలు. రోజూ లారీతో చెక్‌పోస్టు దాటి వెళ్తాడు.

"బానే ఉన్నట్టుంది మామ్మగారూ" అంది వాగ్దేవి, కుడిచెయ్యి గట్టిగా తొడ కింద పెట్టుకుని. గోకితే గీతలు చెదిరిపోతాయని పొద్దున పూట ఆ పిల్లని గోక్కోనివ్వరు.

చూడామణి ముగ్గు మీంచి తలెత్తి చూసింది. నిరుడు ఇదే గేటు దగ్గర, బోడితలకి చున్నీ చుట్టుకుని నిలబడ్డ పిల్లని చూసి ఈ నాగేంద్రమ్మే వెనక్కి తిరిగింది. ఇంట్లోకి పోయి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరింది. "ఎదురు బాగాలేదు" అంది, వినపడేట్టే.

"ఇవాళ పిల్లని నందిగామ పంపిస్తున్నావటగా, టీచరు ఉద్యోగానికి?" అంటోంది ఇప్పుడు. "స్కూల్లో లెక్కలు చెప్పేవాళ్ళకేం కరువమ్మా? మరి మా సంగతేంటి?"

చూడామణి వంగి ముగ్గు చుక్కలు కలుపుతోంది.

"పోనీ ఆ ఆయింట్‌మెంటన్నా ఆపు తల్లీ. గీతలు పల్చబడుతున్నాయి."

చూడామణి భర్త ఉమాకాంతం బూట్లు తుడుచుకుంటూ అందుకున్నాడు. ఆయన ఆఫీసు నందిగామలోనే. "ఆవిడన్నదీ నిజమేనే. నలుగురికీ పనికొస్తోంది. ఇన్నాళ్ళు ఓర్చుకుంది, ఇంకొన్నాళ్ళు..."

చూడామణి లేచింది. చేతులు కడుక్కుంది. లోపల మంచం మీద గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర ఉంది, పిల్ల కట్టుకోవాల్సింది. దాని పక్కనున్న మందు ట్యూబు తెచ్చి దిండు మీద పడేసింది.

"ఇవాళ్టినించి ఊరికే చూట్టం లేదు. ఎవరి దారి కావాలో వాళ్ళు అక్కడ మందు రాసి చూసుకోండి."

జనం ఓ అడుగు వెనక్కి వేశారు. "అంటుకుంటుందేమో కదమ్మా" అన్నారెవరో వెనకనించి.

"అంటుకుంటే నాకంటుకోవాలి. రెండు పూటలా రాస్తోంది నేనే."

నిజమే. రోజూ ముట్టుకున్నది ఆవిడే. కానీ ఆవిడ ఏనాడూ ఆ చెయ్యి చూసి గడప దాటలేదు. చూసి దాటినవాళ్ళు ఒక్కరూ ముట్టుకోలేదు.

ఆటో నడిపే బెన్ని ముందుకొచ్చాడు. "ఇటివ్వండమ్మగారూ. దురదేగా! నా ఆటో సీటు కంటేనా?"

ఎవరో నవ్వారు. అతను పెనుగంచిప్రోలు దారి పొడుగునా మందు రాశాడు. వేలు తీసేసరికి ఆ గీత వాగ్దేవి చేతి మీద లేదు. బెన్ని చేతి మీద ఉంది. అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. బరబరా గోక్కున్నాడు.

"మున్నేరు దగ్గర మెల్లిగా పోవాలన్నమాట. వస్తానమ్మా" అని ఆటో ఎక్కాడు.

కొందరు గడియారం చూసుకుని జారుకున్నారు. కొందరు చిటికెన వేలితో తమ ఊరి మేరకి రాసి, గోక్కుంటూ పోయారు. నాగేంద్రమ్మ కదల్లేదు. ఎదురుగా లారీ ఇంజను ఆన్‌లో ఉంది. అప్పుడే గరికపాడు దగ్గర దద్దు ఒకటి లేవడం మొదలెట్టింది.

"ధాబాల దగ్గరా, చెక్‌పోస్టు అవతలా? కాస్త చూసి చెప్పవే అమ్మా!"

"నాకు దారులు కనపడవు మామ్మగారూ" అంది వాగ్దేవి. "దురదొక్కటే తెలుస్తుంది. మీరే రాసి చూసుకోండి."

నాగేంద్రమ్మ లారీ వంక చూసింది. చూడామణి వంక చూసింది. కళ్ళు మూసుకుని వేలు ఆనించింది.

"అమ్మో! ఇంత మంటా!"

"ఊఁ" అంది చూడామణి.

నాగేంద్రమ్మ మండుతున్న తన చెయ్యి పట్టుకుని వీధికి అడ్డంగా పరిగెత్తింది. "ఏవండీ, ఆగండి! ధాబాల దగ్గర టీకి ఆగద్దు!"

ఇంక నందిగామ రోడ్డు ఒక్కటే మిగిలింది.

"బస్సుకి టైమైంది" అన్నాడు ఉమాకాంతం.

"రాయండి" అంది చూడామణి.

"నేనా? దాని తండ్రినే నేను!"

"అందుకే."

ఆసుపత్రులన్నీ తిప్పాడు. రక్తం ఇచ్చేవాళ్ళని వెతికి తెచ్చాడు. ఆ చెయ్యి మాత్రం పట్టుకోలేదు. ఇప్పుడు కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, మోచెయ్యి దగ్గర మొదలుపెట్టి మణికట్టుదాకా రాశాడు. గీత మెల్లిగా ఆయన చేతికెక్కింది. ఎక్కినంతసేపూ పళ్ళు బిగబట్టాడు. ఎక్కాక కూడా కూతురి చెయ్యి వదల్లేదు.

"ఇంత మండుతుందని చెప్పలేదేమే తల్లీ?"

"చెప్పా నాన్నా. రోజూ చెప్పా."

ఉమాకాంతం తల వంచుకున్నాడు. తన మణికట్టు మీద లేచిన దద్దు చూసుకుని, "ఈ బస్సొద్దు, తర్వాతది ఎక్కుదాం" అన్నాడు. వాగ్దేవి చీర కట్టుకొచ్చింది. చెయ్యి నున్నగా, బోసిగా ఉంది. ఎక్కడో మరిచిపోయిన గాజుల కోసం వెతుక్కున్నట్టు దాన్ని రెండుసార్లు తడుముకుని, తండ్రి వెనక వెళ్ళింది.

సాయంత్రానికి మున్నేరు వైపు మబ్బు పట్టింది. చూడామణి గేటు పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్ళూ పిల్ల ఇంట్లోనే ఉండేది. ఎదురుచూడాల్సిన పని పడలేదు.

బెన్ని ఆటో హారను కొట్టుకుంటూ పోయింది. చూడామణి ఒకటి అనుకుని చిటికెన వేలు మడిచింది.

రాధాకృష్ణమూర్తి లారీ వచ్చి ఆగింది. నాగేంద్రమ్మ మోచేతి పైన తడిగుడ్డ చుట్టుకుని వాకిట్లోనే ఉంది. ఇటు చూసి తల దించుకుంది. చూడామణికి కోపం ఏమీ తగ్గలేదు. అయినా ఉంగరం వేలు మడిచింది.

ఉమాకాంతం ఒక్కడే బస్సు దిగి వచ్చాడు. "దానికేదో మీటింగన్నారు. వెనక బస్సుకి వస్తుంది. ఇదిగో, చెయ్యి చూడు, ఎక్కడా..."

"నాకు చూపించద్దు" అంది. మధ్య వేలు మడిచింది.

చినుకులు మొదలయ్యాయి. వీధి దీపాలు వెలిగాయి. ఒక బస్సు జనం వచ్చి వెళ్ళిపోయారు. చూడామణి లోపలికి రాలేదు.

సందు మలుపులో గంజి చీర కనపడింది, తడిసి నలిగి, చంకలో పుస్తకాలతో.

"అమ్మా, సిక్స్త్ క్లాసు పిల్లలు ఎంత అల్లరో తెలుసా..."

చూడామణి చూపుడు వేలు మడిచింది. అప్పటికది పిడికిలి అయింది. మెల్లిగా విప్పి, కూతురి చెయ్యి పట్టుకుంది.