పోలమ్మ తెచ్చిన సొరపిల్ల

నేను ఒక వెడల్పు మూతి గాజు సీసాను. కొలిమిలోంచి ఎర్రగా బయటపడిన రోజు తప్ప మళ్ళీ నాకు వేడి తగిలిన గుర్తు లేదు. మొదట భీమిలి దగ్గర ఒక కిరాణా కొట్లో చెగోడీలు మోశాను. అందరూ నన్ను చెగోడీల సీసా అనేవారు. లోపల ఏముంటే అదే నా పేరు. కొట్టు మూతపడ్డాక, తీరంలోని ఒక సముద్ర జీవుల పరిశోధన కేంద్రానికి చేరాను. అక్కడ నన్ను కడిగి, చచ్చిన జీవులు కుళ్ళకుండా ఉంచే స్పిరిట్ నిండా పోశారు. అప్పటినుంచి నాకు ఏదీ పెద్దగా తాకదు.

ఒక మే నెల పొద్దున్న పోలమ్మ అక్కడికి వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. తట్టలో, తడిగుడ్డలో చుట్టిన జానెడు సొరచేప పిల్ల. వలలో పడేటప్పటికే చచ్చి ఉందట. వండుకుంటే ఇంటిల్లిపాదికీ సొరపుట్టు కూర అయ్యేది, అమ్మినా నాలుగు రాళ్ళు వచ్చేవి. ఆమె మాత్రం నేరుగా ప్రసూన దగ్గరకు తెచ్చింది. ప్రసూన అప్పుడే చేరిన పరిశోధకురాలు.

"దీని బొడ్డు సూడండి మేడమ్‌గోరూ. ఇంకా పచ్చిగుంది. మా మొగలోనే పుట్టింది. మాయమ్మ కాలం నుండీ సొరలు ఆ మొగకే వచ్చి పిల్లల్ని పెడతన్నాయి. ఇప్పుడా ఇంజన్ బోట్లోళ్ళు వలలేసి అడుగంతా గీకేత్తన్నారు. మీరు సెప్తే ఇంటారు గదా?"

"వింటారమ్మా. రుజువుంటే వింటారు," అంది ప్రసూన.

ఆ రుజువు నా కడుపులోకి వచ్చింది. ఏరు కడలిలో కలిసే ఆ మొగ పేరు, తేదీ, పట్టిన వల, అన్నీ ఒక చీటీ మీద రాసి, నా లోపలే వేశారు. అక్కడి పద్ధతి అది. పెద్దాయన జోగారావుగారు వచ్చిన ప్రతివాళ్ళకీ రెండు మాటలు చెప్పేవారు. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, అదే రోజు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ప్రసూన దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. పెన్సిల్ రాత చిన్నపిల్లల రాతలా కనబడిందేమో, కొత్త బాల్‌పెన్ను తీసింది. చీటీ సీసాలోనే ఉంది కదా, రిజిస్టర్ రేపు చూద్దాంలే అనుకుంది. చదువుకున్నవాళ్ళకు రేపటి మీద ఉన్న నమ్మకం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నెల తిరిగేసరికి నీలం సిరా స్పిరిట్‌లో కరగడం మొదలైంది. మొదట తేదీ పోయింది. తర్వాత వల పేరు. చివర్న మొగ పేరు. నాకు మూతి ఉంది గానీ అది ఎప్పుడూ బిగించే ఉంటుంది. చూస్తూ ఊరుకున్నాను. అయ్యో అనిపించాల్సింది, అనిపించలేదు.

మూడేళ్ళు గడిచాయి. ఆ మొగలో మళ్ళీ ఒక్క సొరపిల్లా దొరకలేదు. పోలమ్మ ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, పిల్లలు పెట్టే నాలుగు నెలలూ అక్కడ లాగుడు వలలు ఆపాలా వద్దా అని తేల్చడానికి ఒక కమిటీ వచ్చింది. ప్రసూన నన్ను రెండు చేతులా పట్టుకుని బల్లమీద పెట్టింది. మూత తీసి, పట్టకారుతో చీటీ బయటికి లాగింది.

చీటీ తెల్లగా ఉంది.

ఆమె రెండోవైపు తిప్పింది. మళ్ళీ తిప్పింది. రిజిస్టర్‌లో నా సీసా సంఖ్య ఎదురుగా గడి ఖాళీ.

"నాను తెచ్చాను బాబూ. ఈ సేతుల్తోనే తెచ్చాను," అంది పోలమ్మ.

"కాదనడం లేదమ్మా. నోటిమాట మీద మొగ మూయలేం," అన్నాడు కమిటీ పెద్ద. మంచివాడే. మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. బోట్లు ఆగలేదు.

ప్రసూన ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కళ్ళు చెమ్మగిల్లకుండా అలాగే కూర్చుంది. జోగారావుగారు తిట్టనూ లేదు. కొత్త చీటీ, చెక్కిన పెన్సిల్ ఆమె ముందు పెట్టి, "రుజువున్నదే రాయమ్మా," అన్నారు.

ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. సొరపిల్ల ఒకటి. దొరికిన చోటు తెలియదు. తేదీ తెలియదు.

"ఏటి రాసినారు మేడమ్‌గోరూ?" అని అడిగింది పక్కనే నిలబడ్డ పోలమ్మ. ఆమెకు చదువు రాదు. ప్రసూన చదివి వినిపించింది. పోలమ్మ నా గాజు మీద, సరిగ్గా పిల్ల బొడ్డు ఉన్న చోట, వేలు పెట్టి, "తెలీదా?" అంది. ఖాళీ తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను అట్టడుగు అరలో ఉన్నాను. ఏడాదికోసారి ఎవరో వచ్చి స్పిరిట్ నింపుతారు. చీటీ చదివి నన్ను మళ్ళీ లోపలికి తోస్తారు. పెన్సిల్ రాత స్పిరిట్‌లో నూరేళ్ళయినా చెరగదట.